ఒంటిగంటా నాలుగు నిమిషాలు

మహబూలా,
10 ఏప్రిల్ 2025.

చిన్నాయనకు హారూన్ సలాం.

నువ్వు మీ తోట అసిఫ్ లారీలో పంపిన కీరదోసకాయల పెట్టె అందింది. మా ఫ్లాట్‌లో ఏడుగురం మూడు రోజుల పాటు అన్నంలోకీ చపాతీలోకీ అవే నంజుకున్నాం. ఇంక పంపకు, కీర పేరెత్తితే ఇక్కడ మనుషులు పారిపోతున్నారు. రంజాన్ పండక్కి రమ్మంటే రాలేదు. ఇదే కువైట్‌లో వఫ్రా నుంచి మహబూలా ఎంత దూరమని? ఆ తోటకే నిన్ను ఇచ్చి పెళ్లి చేసినట్టున్నారు.

ఫోన్ ఉండగా ఈ జాబులేమిటని ఇక్కడివాళ్లు నవ్వుతారు. నాన్న పోయిన ఏడు, జేజి పక్కన కూర్చుని చెబుతుంటే నేను నీకు కువైట్‌కు రాసిన మొదటి జాబులో ఉన్నది ఒకే ఒక వాక్యం: ‘చిన్నాయనా, గొర్రె ఈనింది.’ నువ్వు దానికి నాలుగు పేజీల జవాబు రాశావు. నేను చదవడం నేర్చుకున్నది ఆ నాలుగు పేజీల కోసమే. అది వీళ్లకెలా చెప్పను?

అసలు కబురు ఇది. మీ తోట కంప్యూటర్ల పని మా కంపెనీకి వచ్చింది. మీ గ్రీన్‌హౌస్‌ల వేడి, తేమ, ఫ్యాన్లు, సైరన్ అన్నీ చూసుకునే సర్వర్ ఇప్పుడు నా చేతిలో ఉంది. అది ముసలి మిషన్. మీ యజమాని, ఆ కఫీల్, కొత్తది కొననన్నాడు. ఉన్నదాంతోనే సర్దడం నా పని.

ఏం చేస్తావురా అని ఎప్పుడూ అడుగుతావు కదా, విను. మెమరీ అంటే మీ ప్యాకింగ్ బల్ల అనుకో. బల్ల చిన్నది, సరుకు ఎక్కువ. లోపల కెర్నల్ అని ఒక మేస్త్రీ ఉంటాడు. చాలాసేపుగా ఎవరూ తాకని సరుకును బల్ల మీంచి తీసి వెనక గోదాములో పెడతాడు. గోదాము అంటే డిస్కు. అక్కణ్ణుంచి తిరిగి తేవాలంటే ఆలస్యం. ఎంత తీయాలి, ఎంత తొందరగా తీయాలి అన్నది ఇదివరకు మేమే అంకెలు తిప్పి చెప్పేవాళ్లం. నేను పెట్టింది దానంతటదే సవరించుకునే ప్రోగ్రాం. ‘పని ఆగకూడదు, బల్ల వీలైనంత ఖాళీగా ఉండాలి’ అని లక్ష్యం చెబితే చాలు. ఏ గంటలో ఏది వాడతారో చూసి నేర్చుకుని, మేస్త్రీకి అదే చెబుతుంది. నేను కాలు మీద కాలు వేసుకుని కూర్చోవచ్చు.

నీ కొడుకు లాంటి
హారూన్.


వఫ్రా,
24 ఏప్రిల్ 2025.

హారూన్‌కు నూర్ బాషా దీవెనలు.

నీ జాబును గట్టిగా చదివి అబ్దుల్ ఖుద్దూస్‌కు వినిపించాను. ఆయన గాలివీడులో మన వెనక వీధి మనిషేనని, నా పక్క మంచమేనని నీకు తెలుసు కదా. అంతా విని, “మీవోడు చేసిన మిషన్‌ను ఈ కాబిన్‌కు తోలమను బాషా. ఎనిమిది మంచాలు, పద్నాలుగు పెట్టెలు. సర్దితే అప్పుడు ఒప్పుకుంటా” అన్నాడు. ఆయన భార్య ఖైరున్‌బీ ఫోన్ చేస్తే ఆమెకూ ఇదే చెప్పి నవ్వాడు.

నాకు అర్థమైంది చెబుతాను, తప్పయితే నవ్వుకో. నేను కూర్చునే కంట్రోల్ గదిలో గోడకు ఎర్ర రంగు ఇసుక బకెట్ ఒకటి వేలాడుతోంది. నిప్పు అంటుకుంటే చల్లడానికి. నేనీ తోటకొచ్చి పన్నెండేళ్లు. ఇంతవరకూ దాన్ని ఒక్కరూ తాకలేదు. మీ మేస్త్రీ దాన్నీ తీసుకుపోయి గోదాములో పడేస్తాడా? వాడనిదీ అక్కర్లేనిదీ ఒకటేనా?

చదువుకున్నవాడివి, నీకు తెలియక కాదు. ముసలివాడికి తోచింది అడిగాను. నా పని మామూలే. పొద్దున పది గంటలకు బటన్ నొక్కి సైరన్ మోగుతుందో లేదో చూడటం, తర్వాత స్క్రీన్ ముందు కూర్చోవడం. వేళకు తిను.

నూర్ బాషా.


మహబూలా,
15 మే 2025.

చిన్నాయనా,

నీ బకెట్ ప్రశ్నను ఆఫీసులో చెబితే అందరూ మెచ్చుకున్నారు. నువ్వు నా స్థానంలో ఉండాల్సినవాడివి. జవాబు ఉంది. కొన్ని సరుకులకు మేకు కొట్టి, వీటిని కదపవద్దని చెప్పవచ్చు. ఒక్క వరుస రాస్తే అయిపోతుంది. సైరన్ ప్రోగ్రాంకు ఆ మేకు కొడతాను. అయినా నువ్వు రోజూ పదింటికి దాన్ని మోగిస్తావు కదా, రోజూ తాకే సరుకు జోలికి మేస్త్రీ పోడు. కాబట్టి తొందరేం లేదు.

సర్వర్‌లో మూడో వంతు మెమరీ ఖాళీ చేసి చూపించాను. మా టీం లీడర్ రాబిన్ కాకినాడ మనిషి, మెచ్చుకోవడం అతని జాతకంలో లేదు. అలాంటివాడు నా భుజం చరిచి, “అదరగొట్టేశావురా అబ్బాయ్! ఇంక దాన్ని కెలక్కు, దాని మానాన దాన్ని వదిలెయ్యి” అన్నాడు. ఆ రోజు మా ఫ్లాట్‌లో అందరికీ బిర్యానీ తినిపించాను.

ఎండలు ముదురుతున్నాయి. తలకు తడిగుడ్డ లేకుండా బయట తిరగకు.

హారూన్.


వఫ్రా,
12 జూన్ 2025.

హారూన్‌కు దీవెనలు.

ఎండాకాలం రూలు మొదలైంది. పదకొండు నుంచి నాలుగు దాకా బయట పని చేయించకూడదు. ఆ వేళ తోట మొత్తం సద్దుమణుగుతుంది. కంప్యూటర్ దగ్గర కూడా నేను తప్ప ఎవరూ ఉండరు. స్క్రీన్ మీద అంకెలు చూస్తూ మజ్జిగ తాగుతూ కూర్చుంటాను.

రూలయితే పెట్టారు, ఆ ఐదు గంటలు మనిషి ఎక్కడ పడుకోవాలో చెప్పలేదు. మా కాబిన్ ఏసీ పాడై పది రోజులు. రేకు గది, లోపల రొట్టె కాలుతుంది. తోట మేనేజరును ఇక్కడ ముదీర్ అంటాం. ఆయనకు చెబితే ‘బుక్రా’ అంటాడు. రేపు అని అర్థం, ఎప్పటి రేపో ఆయనకే తెలియాలి. ఖుద్దూస్‌కు బీపీ ఉంది. చూడలేక నేనే చెప్పాను: “నాలుగో నంబర్ గ్రీన్‌హౌస్‌లో తడి గోడ పక్కన పండుకో పో. ఏమన్నా అయితే సైరన్ మోగుతుంది, నేనుండాను గదా.” ఆ గోడ మీద నీళ్లు కారుతుంటాయి, ఫ్యాన్ల గాలికి అక్కడ చల్లగా ఉంటుంది. కానీ మనుషులు పడుకోవడం నిషేధం. ఈ మాట నీ కడుపులో పెట్టుకో.

ఇంకో వింత. ముదీర్ కుటుంబం తోట పక్క విల్లాకు వచ్చింది. పొద్దున సైరన్‌కు వాళ్ల పసిపాప ఉలిక్కిపడి ఏడుస్తోందట. పరీక్షలు ఖలాస్ అన్నాడు. నిజంగా అవసరమైనప్పుడు మోగితే చాలట. బటన్ మీద టేపు కూడా అతికించి పోయాడు. నాకేం పోయింది, ఒక పని తగ్గింది.

బక్రీదుకు నువ్వు పంపిన చొక్కా కొంచెం బిగువైంది. ఖుద్దూస్‌కు సరిపోయింది, ఆయనకిచ్చాను.

నూర్ బాషా.


వఫ్రా,
10 జూలై 2025.

హారూన్,

ఖుద్దూస్ పోయాడు. మంగళవారం మధ్యాహ్నం.

నాలుగో నంబర్‌లో మోటార్లకు కరెంటు పోయి ఫ్యాన్లు ఆగిపోయాయి. తడి గోడకు నీళ్లు ఆగిపోయాయి. బయట యాభై డిగ్రీలు. ప్లాస్టిక్ కప్పు కింద ఎంత ఉంటుందో నువ్వే ఊహించుకో. నేను కంట్రోల్ గదిలోనే ఉన్నాను. స్క్రీన్ మీద నాలుగో నంబర్ ముప్పై రెండు డిగ్రీలని చూపిస్తూనే ఉంది. సైరన్ మోగేసరికి గోడ గడియారం ఒకటిన్నర. చెప్పుల్లేకుండా పరుగెత్తాను. తడి గోడ పక్కన పడుకున్న మనిషి తలుపుకు రెండడుగుల దూరంలో బోర్లా పడి ఉన్నాడు. నువ్వు కొన్న చొక్కా ఒంటి మీద ఉంది.

నిన్న ముదీర్ కంప్యూటర్ నుంచి కాగితం తీసి నా ముందు పెట్టాడు. అందులో అలారం ఒంటిగంటా నాలుగు నిమిషాలకు అని ఉంది. ఇరవై ఆరు నిమిషాలు ఏం చేశావు, నిద్రపోయావా అని అడిగాడు. అల్లా సాక్షిగా నేను నిద్రపోలేదు. ఎవరూ నమ్మడం లేదు. నిర్లక్ష్యం వల్ల చనిపోయాడని నా చేత సంతకం పెట్టించి ఇంటికి పంపుతారట.

ఇంటికి పంపితే పంపనీ. కానీ అది ఖైరున్‌బీ ఉన్న ఊరు. ఆ వీధిలో నేనెలా నడవాలి? నువ్వు కంప్యూటర్ మనిషివి, ఆ మిషన్ నీ చేతిలోనే ఉందన్నావు. లోపల చూసి చెప్పు, సైరన్ ఎప్పుడు మోగిందో. నీ మాట మీద నాకు నమ్మకం.

నూర్ బాషా.


మహబూలా,
19 జూలై 2025.

చిన్నాయన గారికి,

జాబు అందింది. చాలా బాధపడ్డాను. మీరు ధైర్యంగా ఉండాలి.

సర్వర్ వివరాలు నేను ఇంకా చూడలేదు. ఆఫీసు అనుమతి కావాలి, దానికి సమయం పడుతుంది. కంప్యూటర్ గడియారం మామూలుగా తప్పదు. అయినా పరిశీలిస్తాను. ఈలోగా ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దు. ఫోన్లో ఈ విషయం మాట్లాడవద్దు.

ఆరోగ్యం జాగ్రత్త.

హారూన్.


వఫ్రా,
7 ఆగస్టు 2025.

హారూన్‌కు,

నీ జాబులో నన్ను ‘మీరు’ అన్నావు. ఆఫీసు నుంచి వచ్చిన కాగితమేమో అనుకుని కింద పేరు మళ్లీ చూసుకున్నాను. నీ మీద పని ఒత్తిడి ఎక్కువగా ఉన్నట్టుంది. నన్ను గురించి నీ ఉద్యోగానికి మాట రాకూడదు. ఇంక ఆ మిషన్ జోలికి పోకు.

బాగా ఆలోచించాను. నిద్రపోయే ఉంటాను, హారూన్.

నాకు యాభై ఎనిమిది ఏళ్లు. ఆ రోజు తెల్లవారక ముందే లేచాను. పెద్ద గ్లాసు మజ్జిగ తాగాను. కళ్లు తెరిచే ఉన్నానని నాకు గుర్తు. కానీ నిద్రపోయినవాడికి తాను నిద్రపోయిన సంగతి ఎలా గుర్తుంటుంది? కంప్యూటర్ గడియారం తప్పదని నువ్వే రాశావు. ముదీర్ మాట మీద నాకు నమ్మకం లేకపోయింది. నీ మాట కాదనలేను. సైరన్ మోగుతూనే ఉంది, నేను ఇరవై ఆరు నిమిషాలు చచ్చిన గొడ్డులా పడి ఉన్నాను. అదే జరిగి ఉంటుంది.

ఖైరున్‌బీ ఫోన్ చేసింది. ఏడవలేదు. “బాషన్నా, నువ్వు నిద్రపోయినావంట, నిజమేనా?” అని అడిగింది. “నిజమేమ్మా” అన్నాను. ఆమె ఫోన్ పెట్టేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

మొన్న సంతకం పెట్టేశాను. పన్నెండో తారీఖు విమానం. ఇరవై రెండేళ్ల కువైట్ ఒక చిన్న పెట్టెలో పట్టింది. మళ్లీ చూస్తానో లేదో, వీలైతే ఒకసారి వచ్చి కనపడు. నీ పని చెడగొట్టుకుని మాత్రం రాకు.

నూర్ బాషా.


మహబూలా,
30 ఆగస్టు 2025.

చిన్నాయనా,

ఈ జాబు ఊరికి వస్తున్న మనిషి చేత పంపుతున్నాను. కూర్చుని చదువు.

నువ్వు నిద్రపోలేదు.

సైరన్ మోగింది ఒంటిగంటా ముప్పై నిమిషాలకే. నీ గోడ గడియారమే నిజం. ఒంటిగంటా నాలుగు నిమిషాలకు వేడి హద్దు దాటిందని గుర్తించిన చిన్న ప్రోగ్రాం ఒకటి టైము రాసుకుంది. కాగితం మీద కనిపించింది అదే. సైరన్ మోగించే ప్రోగ్రాం వేరు. అది ఆ సమయానికి బల్ల మీద లేదు, గోదాములో ఉంది. నీ ఎర్ర బకెట్, చిన్నాయనా.

నేను మేకు కొట్టలేదు. ఒక్క వరుస. తొందరేముందనుకున్నాను, తర్వాత మరిచిపోయాను. నువ్వు జూన్‌లో రాశావు, రోజూ సైరన్ మోగించడం మాన్పించారని. చదివి ముదీర్ పాప సంగతికి నవ్వుకున్నాను. రోజూ తాకే సరుకు ఆ రోజు నుంచి తాకని సరుకు అయిపోయిందని నాకు తట్టలేదు. నీ జాబులో మొత్తం ఉంది. మధ్యాహ్నం తోట సద్దుమణుగుతుందని కూడా రాశావు. నా ప్రోగ్రాం కూడా అదే నేర్చుకుంది. ఎవరూ లేని వేళ కదా అని సరిగ్గా ఆ ఎండ పొద్దులోనే అన్నిటికంటే ఎక్కువ సరుకు తీసి గోదాములో పడేసింది. ఫ్యాన్లు ఆగగానే అన్ని ప్రోగ్రాంలూ ఒక్కసారి లేచాయి. ఒకటి తేవాలంటే ఇంకొకటి తీయాలి, దాన్ని తేవాలంటే మరొకటి. ముసలి డిస్కు మీద ఇరవై ఆరు నిమిషాలు అదే తంతు. నీ స్క్రీన్ కూడా అందుకే పాత అంకె దగ్గర ఆగిపోయింది.

ఇదంతా నేను జూలై 12న చూశాను. చూడలేదని నీకు రాసేటప్పటికి చూసి వారమైంది. రాబిన్‌కు చెబితే, “నువ్వు చెప్పేస్తే ఆయనేమైనా బతికొస్తాడేంటి? మన ఇఖామాలు పోయి ఈ దేశం వదలాలి, అంతే” అన్నాడు. అతన్ని అడ్డం పెట్టుకోవడం లేదు. నాకు కావలసిన మాటే అతను అన్నాడు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. గడియారం తప్పదని రాసిన వాక్యం నిజమే కాబట్టి అబద్ధం చెప్పలేదని నాకు నేను చెప్పుకున్నాను. నువ్వు ఆ వాక్యాన్ని పట్టుకుని నీ కళ్లనే నమ్మడం మానేశావు.

ఏడో తారీఖు జాబు ఆ రోజే అందింది. ఐదు రోజులున్నాయి. వఫ్రా గంట దారి. రాలేదు. పన్నెండున విమానాశ్రయం పార్కింగ్‌లో రెండు గంటలు కారులో కూర్చున్నాను. నువ్వు పెట్టె మోసుకుంటూ లోపలికి పోవడం చూశాను. దిగలేదు.

పోయిన వారం ఇంకో ఆరు తోటలకు ఇవే సెట్టింగులు ఎక్కించమని ఆఫీసు చెప్పింది. అక్కడా రేకు కాబిన్లే ఉంటాయి, అక్కడా మధ్యాహ్నం ఎవరో ఒకరు తడి గోడ పక్కన పడుకుంటారు. ఆ ఒక్క వరుస రాశాను, ఎందుకు రాశానో కూడా రాసి, ఖుద్దూస్ చావు మీద విచారణ చేసే ప్రభుత్వ అధికారికి సంతకం పెట్టి ఇచ్చాను. నకలు ఇందులో ఉంది. నీ తప్పు లేదని అందులో స్పష్టంగా రాశాను. నా ఉద్యోగం పోయింది, ఇఖామా రద్దవుతుంది. విచారణ అయ్యేదాకా దేశం వదలకూడదన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. క్షమించమని అడిగే మొహం లేదు.

హారూన్.


గాలివీడు,
11 సెప్టెంబర్ 2025.

హారూన్,

నీ జాబు మూడుసార్లు చదివాను. మొదటిసారి చించి పొయ్యిలో పెట్టాలనిపించింది. జూలై 12 నుంచి నలభై తొమ్మిది రోజులు. ఆ రోజుల్లో నేను మధ్యాహ్నం ఒక్కసారి కూడా కన్ను మూయలేదు. అన్నం తిన్నాక రెప్ప వాలితే మొహాన నీళ్లు కొట్టుకుని వాకిట్లో నిలబడేవాణ్ణి. ఊరికొచ్చాక కూడా అంతే. మీ చిన్నమ్మ “దయ్యం పట్టినాదా ఏమి నీకు?” అనేది. నేను నిద్రపోయి మనిషిని చంపినవాణ్ణని ఆమెకెలా చెప్పను? వీధిలో తల దించుకుని నడిచాను. నాకు ఆ తల నువ్వు నలభై తొమ్మిది రోజుల ముందే తిరిగి ఇచ్చి ఉండవచ్చు.

కోపం తగ్గలేదు. తగ్గిందని రాస్తే అబద్ధం. అక్కడ ఒంటరిగా ఏం తింటున్నావో అని దిగులుగా కూడా ఉంది. తోటలో అసిఫ్‌కు కబురు పెట్టాను, వచ్చి చూస్తాడు.

నిన్న నీ జాబు తీసుకుని ఖైరున్‌బీ ఇంటికి పోయాను. లోపలికి రమ్మనలేదు. గడప బయటే నిలబడి మొత్తం చదివాను. ఎర్ర బకెట్ దగ్గర ఆమె తలెత్తింది. ఆ బకెట్ సంగతి ఖుద్దూస్ ఆమెకు ఫోన్లో చెప్పి నవ్వాడట. చదవడం అయ్యాక లోపలికి పోయింది. తర్వాత నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, ఒక్కటే అడిగింది.

“అన్నా, ఆ ఇరవయ్యారు నిమిషాల్లో ఆయప్పకు మెలకువొచ్చిందా? లేకుంటే నిద్దర్లోనే పోయినాడా?”

తడి గోడ పక్కన పడుకున్నవాడు నాకు ఎక్కడ దొరికాడో నీకు రాశాను. ముదీర్‌కు చెప్పాను. ఆమెకు మాత్రం చెప్పలేదు. నిన్న కూడా చెప్పలేదు. నాకు తెలియదమ్మా అన్నాను. ఆమె తల ఊపింది. “ఆ పిల్లోడిని అడుగు, ఆ మిషన్‌లో రాసుంటాదేమో” అంది.

ఇంటికొచ్చి పడుకున్నాను. నీ జాబు వచ్చినాక మొదటిసారి మధ్యాహ్నం నిద్రపోదామనుకున్నాను. పట్టలేదు. నిన్ను ఏ మాటకు తిట్టానో అదే మాట ఆమెకు చెప్పి వచ్చాను. తెలియదని.

మిషన్‌లో వెతకవద్దు. అది నేను చూశాను, నేనే చెప్పాలి. రేపు పొద్దున్నే వాళ్లింటికి పోయి చెబుతాను, తలుపు దాకా వచ్చాడని.

నూర్ బాషా.